లోపం దాచి అమ్మిన వాహనం: కొన్నవాని హక్కు

 



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో పాత ఆటోనో, చిన్న లారీనో కొని, దానిమీదనే కుటుంబాన్ని పోషించుకొనేవారు మన జమాఅతులో ఎందరో ఉన్నారు. అప్పుచేసి కొన్న బండి నెల తిరగకముందే ఆగిపోయి, అది ప్రమాదంలో నలిగి అతికిన బండి అని అప్పుడు బయటపడితే, పెద్దలు చెప్పే మాట ఒక్కటే: "పోనీలే నాయనా, సబర్ చెయ్యి." సహనం ఉత్తమ గుణమే. కాని హక్కును వదులుకొమ్మని దాని అర్థం కాదు.

ముస్నద్ అహ్మద్‌లో ఒక సంఘటన నమోదై ఉన్నది. ఒకాయన హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) ఇంటినుండి ఒక ఒంటెను కొని తోలుకొని పోతున్నాడు. వాసిలా (రజి) వెనుకనే పరుగున వచ్చి, దీని లోపం నీకు చెప్పారా అని విచారించారు. చూడటానికి బలంగానే ఉన్నదని అతడు బదులిచ్చాడు. మాంసానికా, ప్రయాణానికా అని ఆయన అడిగారు. హజ్‌కు వెళ్లడానికని తెలిసి, దాని కాలి గిట్టకు చిల్లు ఉన్నదని చెప్పివేశారు. బేరం చెడగొట్టావని అమ్మినవాడు నొచ్చుకున్నాడు. లోపం చెప్పకుండా అమ్మడం ధర్మసమ్మతం కాదనీ, తెలిసినవాడు చెప్పకుండా ఊరకుండటం కూడా ధర్మసమ్మతం కాదనీ ప్రవక్త (సఅసం) నోట విన్నానని వాసిలా (రజి) జవాబిచ్చారు.

ఈ రెండవ భాగం మనలను తాకవలసినది. మీటరు వెనుకకు తిప్పిన సంగతి మెకానిక్కుకు తెలుసు, దళారికి తెలుసు, పక్క స్టాండు డ్రైవరుకూ తెలుసు. అందరూ మౌనంగా ఉంటారు, కొన్నవాడొక్కడే మునుగుతాడు.

ఇక దేశచట్టం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం లోపాన్ని పనిగట్టుకొని కప్పిపుచ్చడం మోసం. కొన్నవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కేవల మౌనాన్ని మాత్రం అది సాధారణంగా మోసంగా ఎంచదు. ఈ విషయంలో మన ధర్మం చట్టం కంటే కఠినమైనది.

అమ్మినవాడు వాహనాల వ్యాపారి అయితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. మీరు నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు 2 సంవత్సరాలు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. బ్రతుకుతెరువుకు స్వయంగా నడుపుకొనే ఆటో కూడా దీని పరిధిలోకి వస్తుంది. సలహాకు 1915 నెంబరు ఉన్నది. అమ్మినవాడు వ్యాపారి కాక పొరుగువాడే అయితే మార్గం సివిలు కోర్టు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోను చేయండి.

ఒక జాగ్రత్త. లోపం తెలిసిన తరువాత కూడా బండిని కిరాయికి నడుపుతూ పోతే, దానిని అంగీకరించినట్లేనని హనఫీ పండితులు భావిస్తారు. తిరిగి ఇచ్చే హక్కు పోతుంది. కోర్టులో కూడా అది మీకు వ్యతిరేక సాక్ష్యమౌతుంది. పూట గడవని వానికి బండి ఆపడం ఎంత కష్టమో ఎరుగుదును. అయినా మెకానిక్కు చేత లోపాలు వ్రాయించి, ఫోటోలు తీసి, వెంటనే నోటీసు పంపండి. "ఏ లోపానికీ నాకు బాధ్యత లేదు" అన్న కాగితంపై చదవకుండా సంతకం చేయకండి. హనఫీ మజ్‌హబ్‌లో అటువంటి షరతు చెల్లుతుంది. ముందే చెప్పిన లోపానికి మాత్రం తరువాత తగవు పెట్టుకొనే హక్కు లేదు.

మీలో ఎవరైనా అటువంటి బండిని అమ్మి ఉంటే, నోటీసు రాకముందే కొన్నవాని ఇంటికి వెళ్లండి. బండి వాపసు తీసుకొంటారో, ధర తగ్గించి మిగిలిన సొమ్ము ఇస్తారో మాట్లాడుకొని, తేలినదానిని కాగితంపై వ్రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి.