లావు టైర్ల సైకిలు: పిల్లలకు, పెద్దలకు కొన్ని మాటలు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన బ్యాంకు గుమాస్తాను మాట్లాడమంటే పొదుపు గురించో, విద్యా రుణాల గురించో చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. బి.కాం. చదివి ముప్పై ఏళ్లకు పైగా కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి, నాకు వచ్చిన విద్య అదే. కానీ ఈసారి నేను కార్యదర్శి గారిని అడిగి తీసుకున్న విషయం సైకిలు. అందులోనూ ముందు చక్రం గాలిలోకి లేపి తొక్కే సైకిలు.

కారణం ఉంది. మన పిల్లల్లో కొందరు ఈమధ్య మౌంటెన్ బైకు అని పిలిచే లావు టైర్ల సైకిళ్లు కొనుక్కున్నారు. సాయంత్రమైతే రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీధుల్లో ఆటోల మధ్యన వీలీ కొడుతున్నారు. తల్లులు వచ్చి "మీరైనా చెప్పండి సార్, వాడు సైకిలు తొక్కడం లేదు, సర్కస్ చేస్తున్నాడు" అన్నారు. అదే పిల్లలు వచ్చి "తాతా, మా నాన్నకు మీరు నచ్చజెప్పండి" అన్నారు. ఇరువైపులా ఒకేసారి చెబితే మేలని ఇక్కడికి వచ్చాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ విద్యను మాన్పించనక్కర లేదు. నేర్చుకునే చోటు మార్చాలి, నేర్చుకునే వరస మార్చాలి.

సైకిలు మీద విన్యాసం మన ప్రాంతానికి కొత్తది కాదు. 1970లలో నా వయసు వాళ్లంతా చూసే ఉంటారు. ఏదో ఊరి నుంచి ఒక మనిషి, ఒక సైకిలు, ఒక మైకు సెట్టు వచ్చేవి. మైదానంలో గుండ్రంగా తాడు కట్టి, ట్యూబు లైట్లు పెట్టి, రోజుల తరబడి సైకిలు దిగకుండా తిరిగేవాడు. దాని మీదే భోజనం, దాని మీదే స్నానం. నేల మీద పెట్టిన చేతిరుమాలును వంగి నోటితో అందుకునేవాడు. జనం చిల్లర వేసేవాళ్లు. అతను చేసినవన్నీ మెల్లగా చేసినవే, తాడు లోపల చేసినవే. బడి వార్షికోత్సవాల్లో నెమ్మది సైకిలు పందెం పెట్టేవారు గుర్తుందా? అందరికంటే చివర గీత దాటినవాడు గెలిచేవాడు, మధ్యలో కాలు కింద పెడితే ఔట్. వేగంగా పోవడానికి వాలు చాలు, మెల్లగా పోవడానికి విద్య కావాలి. ఈ లావు టైర్ల సైకిలు పాఠాలన్నిటికీ మొదటి పాఠం ఆ పందెంలోనే ఉంది.

ఈ రకం సైకిలు పుట్టిన కథ కూడా పిల్లలు తెలుసుకోవాలి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మెరిన్ కౌంటీ. 1970లలో అక్కడి కుర్రాళ్లు కొందరు పాత సామాన్లలో పడి ఉన్న బరువైన సైకిళ్లు తీసి, వాటితో కొండ దారుల్లో కిందికి దిగేవారు. 1976 అక్టోబరు 21న రీప్యాక్ అనే పందెం మొదటిసారి పెట్టారు. ఆ పేరు ఎందుకంటే, ఒక్కసారి కొండ దిగేసరికి వెనక చక్రం బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు కాలిపోయేది, మళ్లీ విప్పి గ్రీజు నింపాల్సి వచ్చేది. ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో కొండల కోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు తయారు చేశాడు. ఇరవై ఏళ్లు తిరగకుండానే, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అది పతకాల ఆట అయింది. మన దేశానికీ వచ్చింది. 2023 అక్టోబరులో ఆసియా మౌంటెన్ బైక్ పోటీలు కేరళలోని పొన్ముడిలో జరిగాయి. కనుక ఇది పనికిమాలిన ఆట అనడానికి లేదు. అలాగని డిగ్రీ మానుకొని దీని వెంట పడమని కూడా నేను చెప్పను. ఇందులో అన్నం సంపాదించేవాళ్లు బహు కొద్దిమంది.

ఇక నేర్చుకునే వరస. మా మనవడు మైదానంలో నేర్చుకుంటుంటే నేను మెట్ల మీద గడియారం, నోటు పుస్తకం పెట్టుకొని కూర్చునేవాణ్ణి. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! కదలకుండా సైకిలు మీద నిలబడటం వాడికి మొదటి రోజు రెండు సెకన్లు. మూడో వారానికి ఇరవై. మధ్యలో రెండు రోజులు వెనక్కి కూడా పోయింది. ఆ పుస్తకం చూపిస్తేనే వాడికి ధైర్యం వచ్చింది. పిల్లలూ, మీరూ రాసుకోండి. రోజుకు అరగంట చాలు, అలసిన తరువాత చేసేదంతా పడటానికే.

అన్నిటికన్నా ముందు నిలబడటం నేర్చుకోవాలి. గతుకుల్లో సీటు మీద కూర్చోకూడదు. రెండు పెడళ్లు నేలకు సమంగా ఉంచి, వాటి మీద నిలబడి, మోకాళ్లు, మోచేతులు కొంచెం వంచాలి. బరువు కాళ్ల మీద ఉండాలి, చేతుల మీద కాదు. చూపు ముందు చక్రం మీద కాకుండా, పోవలసిన దారి మీద ఉండాలి. రాయిని చూస్తూ పోతే రాయి మీదికే పోతాం, ఇది మన బండి తోలే పెద్దలకూ తెలిసిన సంగతే.

తరువాత బ్రేకు. ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో సైకిలు కొన్న రోజే చూసుకోవాలి. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. అందుకే ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులో ఉంది. చాలామంది భయంతో దాన్ని ముట్టుకోరు, వెనకది మాత్రమే బిగబట్టి జారిపోతారు. మరికొందరు ముందుది ఒక్కసారిగా పట్టి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతారు. నడుము వెనక్కి జరిపి, రెండూ కలిపి, ఒత్తిడి మెల్లగా పెంచుతూ పట్టాలి. మన ఎర్ర నేల మీద గులకరాళ్లు పరిచినట్టు ఉంటాయి. అలాంటి చోట మలుపులో ముందు బ్రేకు పడితే చక్రం పక్కకు కొట్టుకుపోతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. సుద్దతో గీత గీసి, సరిగ్గా ఆ గీత దగ్గర ఆపడం సాధన చేయండి. నిలబడటం, ఆపడం, కదలకుండా నిలవడం, ఈ మూడూ వచ్చేదాకా వీలీ మాట ఎత్తవద్దు.

వీలీ అంటే బలంతో హ్యాండిలు లాగడం అనుకుంటారు. కాదు. సీటు కొంచెం దించి, తేలిక గేరులో మెల్లగా పోతూ, చేతులు చాచి, వెనక్కి వాలుతూ ఒక్క పెడలు గట్టిగా తొక్కితే ముందు చక్రం దానంతట అదే లేస్తుంది. ఇందులో ప్రాణం కాపాడేది వెనక బ్రేకు మీద ఉంచిన వేలు. వెనక్కి పడిపోతున్నాం అనిపించగానే ఆ వేలితో కొంచెం నొక్కితే ముందు చక్రం కిందికి దిగుతుంది. కాబట్టి మొదట నేర్చుకోవలసింది లేపడం కాదు, దించడం. అలాగే వెనక్కి జారి రెండు కాళ్ల మీద దిగడం. కుందేలు గెంతు అని ఇంకొకటి ఉంది, సైకిలుతో సహా ఎగిరి అడ్డంకి దాటడం. ముందు చక్రం లేచాక వెనక చక్రం లేవాలి, రెండూ ఒకేసారి కాదు. దానికి ఇటుకలు పెట్టవద్దు. అట్టపెట్టె పెట్టండి, తగిలితే అదే నలుగుతుంది.

ఇప్పుడు చోటు. ఇది తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మన ఊళ్లో వేలమంది తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి, రాత్రికి తిరిగి వస్తున్నారు. సాయంత్రం పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో చూసే మనిషి ఇంట్లో ఉండడు. కొండ సైకిలు చేతిలో ఉంటే కళ్లు దేనిమీదికి పోతాయి? మన సైనైడ్ దిబ్బల మీదికి. మారికుప్పం నుంచి చాంపియన్ రీఫ్ దాకా కనిపించే ఆ దిబ్బలు పదమూడు, వాటిలో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల మట్టి ఉందని లెక్క. సినిమా వాళ్లు వచ్చి చిత్రీకరించాక వాటి మీద పిల్లలకు మోజు ఇంకా పెరిగింది.

అక్కడికి వెళ్లవద్దు. అది కొండ కాదు, బంగారం తీసేశాక మిగిలిన పొడి. పిండిలా నూరిన రాయి. టైరు కింద లేచిన ఆ దుమ్ము నేరుగా రొమ్ములోకి పోతుంది. రాతి దుమ్ము ఏం చేస్తుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర లేదు. గనిలో పని చేసి సిలికోసిస్‌తో దగ్గుతూ పోయిన తాతలు ఈ సభలో ఎన్ని ఇళ్లకు లేరు? తాత పొట్టకూటికి మింగిన దుమ్మును మనవడు సరదాకు మింగడం నాకు నచ్చదు. పైగా వానకు దిబ్బల అంచులు కోసుకుపోయి గాళ్లు పడి ఉంటాయి, పైన గట్టిగా కనిపించే నేల చక్రం పడగానే విరుగుతుంది. పాత గని గుంతల చుట్టుపక్కల నేలా అంతే.

కోలారు వైపు అంతరగంగ కొండకు పోతామని కొందరు అడిగారు. గుడి మెట్ల మీద సైకిలు దింపడం భక్తులకు ఇబ్బంది, మీకు ప్రమాదం, అది వద్దు. పైన ఊళ్లకు పోయే దారి ఎక్కడం మంచి సాధనే, కానీ పెద్దవాళ్లు తోడుండాలి. మొదటి ఏడాదికి బడి మైదానం చాలు. సెలవు రోజు హెడ్మాస్టరు గారిని అడిగితే, ఒక పెద్దమనిషి బాధ్యత తీసుకుంటే, కాదనరని నా నమ్మకం.

వీధి మాత్రం వద్దే వద్దు. ఈ సైకిలు వీలీ రెండేళ్లకు నాన్న స్కూటరు వీలీ అవుతుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ అనే సెక్షను చేర్చారు. మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రినో, బండి యజమానినో దోషిగా ఎంచుతారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. సైకిలుకు ఈ సెక్షను వర్తించదు. సరదా అంతా సైకిలు వయసులోనే, మైదానంలోనే తీర్చుకొమ్మని నేను చెప్పడానికి అదొక కారణం.

డబ్బు సంగతి చెప్పకుండా ఎలా దిగుతాను? సైకిలు మీద ఎం.టి.బి. అని రాసి ఉన్నంత మాత్రాన అది గెంతులకు పనికి వస్తుందని కాదు. తక్కువ ధరలో వచ్చే స్ప్రింగుల సైకిళ్లు బరువెక్కువ, ఆ స్ప్రింగులు చూపుకే. అదే ధరకు స్ప్రింగు లేనిది, మంచి బ్రేకులు ఉన్నది తీసుకోండి. ఎత్తు నుంచి దూకించవద్దు, ముందు ఫోర్కు వంగిపోతుంది. సైకిలుకు పెట్టే డబ్బులో పదో వంతు హెల్మెట్‌కు పక్కన పెట్టండి. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది, దాన్ని మార్చాల్సిందే. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది, అంతకంటే పైకి లాగకూడదు.

చివరగా ఒక చిన్న వస్తువు. హ్యాండిలు గొట్టం చివర రబ్బరు మూత. అది ఊడిపోతే ఎవరూ పట్టించుకోరు. పిల్లలు పడినప్పుడు ఆ చివర పొట్టలో గుచ్చుకుంటే పైన చిన్న గుండ్రని మచ్చ మాత్రమే కనిపిస్తుంది, లోపల కాలేయానికో, ప్లీహానికో దెబ్బ తగిలి ఉండవచ్చు. నొప్పి కొన్ని గంటల తరువాతో, మర్నాడో బయటపడుతుంది. అమ్మలారా, పడి వచ్చిన పిల్లవాణ్ణి తిట్టకండి, తిడితే మరోసారి దాచిపెడతాడు. చొక్కా ఎత్తి పొట్ట చూడండి. మచ్చ ఉన్నా, వాంతి అయినా, పొట్ట గట్టిపడినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోయి, హ్యాండిలు గుచ్చుకుందని డాక్టరుకు ఆ మాటే చెప్పండి.

సభ అయ్యాక నేను బయట వేపచెట్టు కింద ఉంటాను. సైకిళ్ల మీద వచ్చినవాళ్లు తీసుకురండి, బ్రేకు తీగలు, రబ్బరు మూతలు చూద్దాం.