ద్రాక్షారసమా, వైనా?

నేను పాస్టర్‌ని కాను. గోడౌన్‌లో పెట్టెలు సర్దే మనిషిని. కావలి దగ్గర పల్లెలో, బాప్టిస్టుల ఇంట్లో పుట్టాను. కమిటీ వాళ్లు ఈ విషయం నాకే ఎందుకు అప్పజెప్పారంటే, పోయిన చలికాలం మా గదిలో జరిగిన గొడవ వాళ్లకు తెలుసు కనుక.

ఆ శనివారం రాత్రి ఒక తమ్ముడు నాలుగో బీరు తెరిచాడు. పక్క మంచం మీదున్నవాడు "విశ్వాసివి కదరా, ఎట్లా తాగుతావు?" అన్నాడు. "కానా పెళ్లిలో ప్రభువే నీళ్లను ద్రాక్షారసం చేశాడు, మధ్యలో నువ్వెవడివి?" అని వీడు. "అది ఒట్టి పళ్లరసం. బైబిల్లో 'రసం' అనే ఉంది చూసుకో" అని వాడు. ఇద్దరూ నావైపు తిరిగారు. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. తర్వాత కూర్చుని చదివాను.

మన తెలుగు మాటలోనే చిక్కుంది. ద్రాక్షారసము అంటే చెవికి జ్యూస్ లాగే వినబడుతుంది. గ్రీకులో ఉన్న మాట ఓయినోస్, అంటే వైన్. కానా పెళ్లి కథలో దాన్ని మనవాళ్లు ద్రాక్షారసము అన్నారు. ఎఫెసీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో, మత్తులో పడొద్దని చెప్పే చోట, అదే ఓయినోస్‌ని మద్యము అన్నారు. ఒకే మాటకు రెండు తెలుగులు! సామెతలు ఇరవయ్యో అధ్యాయంలో మనిషిని నవ్వులపాలు చేసేదీ ద్రాక్షారసమే. జ్యూస్ తాగి ఎవరు నవ్వులపాలవుతారు?

మాట పక్కన పెట్టి సంగతి చూద్దాం. తాటికల్లు తెలిసినవాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. ముంతకు సున్నం పూస్తే నీరా తియ్యగా ఉంటుంది, పూయకపోతే పొద్దెక్కేసరికి పులుస్తుంది. ద్రాక్ష కూడా అంతే. పులియబెట్టే ఈస్టు ఆ తోటలోనూ గానుగలోనూ ఉండనే ఉంటుంది. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది నేను ఫెడర్‌వైసర్ సీసాని జ్యూస్ అనుకుని కొని, సంచిలో అడ్డంగా పడుకోబెట్టాను. అది సగం పులిసిన కొత్త వైన్. గ్యాస్ పోవడానికి మూత వదులుగా పెడతారు. ఇంటికొచ్చేసరికి బియ్యం, చొక్కా, పాస్‌పోర్టు జిరాక్సులు అన్నీ తడిసిపోయాయి. కొత్త ద్రాక్షారసం పాత తిత్తుల్లో పోస్తే పిగిలిపోతాయని ప్రభువు ఎందుకన్నాడో ఆ రోజు బాగా అర్థమైంది.

ఇంకోటి. ద్రాక్ష కోత ఎండాకాలం చివర. పస్కా పండుగ వసంతంలో. మధ్యలో ఆరు నెలలు, ఫ్రిజ్ లేదు. రసాన్ని పాకంలా కాచి దాచే పద్ధతి రోమన్లకు తెలుసు, కాదనను. కానీ మామూలుగా గిన్నెలో ఉండేది వైనే. పౌలు కొరింథు సంఘాన్ని మందలించింది కూడా ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో, ఇంకొకడు మత్తులో ఉన్నందుకే.

అయితే బీరు తమ్ముడు గెలిచాడా? తొందరపడొద్దు. ఆ వైన్‌లో నీళ్లు కలుపుకుని తాగడం అప్పటి గ్రీకులకూ రోమన్లకూ అలవాటు. విస్కీ, బ్రాందీలాంటి బట్టీ సరుకు అప్పటికి లేదు. కానాలో ఆరు రాతిబానలు, అన్నీ కలిపి సుమారు 450 నుంచి 700 లీటర్లు. అది ఊరంతటి పెళ్లికి. మన గదిలో ఒక్కడి క్రేటుకి కాదు!

మరి మన ఊళ్లలో ప్రభు భోజనానికి జ్యూస్ ఎందుకు? 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు, పాశ్చర్ పద్ధతిలో వేడిచేసి పులవని ద్రాక్షరసం తయారుచేశాడు, బల్ల కోసమే. అక్కడ మద్యం మీద పెద్ద ఉద్యమం నడుస్తున్న రోజులవి. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు మిషనరీలు ఆ దేశంవాళ్లే. ఇక్కడేమో లూథర్ గారి భార్య కాతరీనా ఇంట్లోనే బీరు కాచేది. గుంటూరుకు 1842లో వచ్చిన హేయర్ అయ్యగారు పుట్టింది కూడా ఈ జర్మనీలోనే, హెల్మ్‌స్టెడ్‌లో. కతోలికులకు పూజలో వైన్ ఉండాలి. ఇక్కడి లూథరన్ గుళ్లలో చాలాచోట్ల వైనూ జ్యూసూ రెండూ ఇస్తారు. తాగుడు మానినవాడు వాసనకే మళ్లీ జారిపోతాడేమోనని.

మాది మాత్రం జ్యూస్ ఇల్లు. దానికి వాక్యం ఒక్కటే కారణం కాదు. మా నాన్న కూలి డబ్బులు సారా ప్యాకెట్లకే పోయేవి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారని విని, మా అమ్మ మా ఊరి అంగడి ముందు చీపురు పట్టుకుని నిలబడింది. ఆమె గ్రీకు చదవలేదు. సహోదరుడికి అడ్డమయ్యేదేదైనా మానెయ్యమని రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగో అధ్యాయంలో ఉందే, అది ఆమెకు తెలుసు. నాకు ఆ మాట కానా కంటే బరువుగా తోస్తుంది.

ఇక మన తమ్ముడి సంగతి. ఈ వసంతంలో తాగి సైకిలెక్కాడు. సైకిలే కదా అనుకున్నాడు. 1.6 ప్రొమిల్ దాటితే సైకిల్ మీదైనా నేరమే. డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే ఎంపీయూ పరీక్షకు రమ్మన్నారు. కారుకు హద్దు 0.5, కొత్త లైసెన్సువాళ్లకూ 21 లోపువాళ్లకూ సున్నా. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: మత్తే ప్రమాదానికి అసలు కారణమని తేలితే పని ప్రమాద బీమా చేతులెత్తేస్తుంది.

తాగుడు వ్యసనం జబ్బేనని ఇక్కడి సామాజిక న్యాయస్థానం 1968లోనే తీర్పిచ్చింది. కాబట్టి చికిత్స అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. కారితాస్, డియాకోనీ వాళ్ల సూహ్ట్‌బెరాటుంగ్ కేంద్రాల్లో సలహా ఉచితం, మీ మాట బయటికి పోదు. మతం అడగరు. 1877లో జెనీవాలో ఒక పాస్టర్ మొదలుపెట్టిన బ్లూ క్రాస్, ఇక్కడ బ్లౌయెస్ క్రాయిట్స్, మానినవాళ్ల బృందాలు నడుపుతుంది. తమ్ముడు మూడు వారాలు నేను రానన్నాడు. నాలుగోవారం చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, "అన్నా, అక్కడ జర్మన్ నువ్వే మాట్లాడాల" అన్నాడు. నా జర్మన్ అంతంతమాత్రం. ఇద్దరం కలిసే పోతున్నాం, ప్రతి గురువారం.