పరిశోధన ఫలము శ్రామికునకు చేరవలెను
(లాస్‌పేట సభలో చేసిన ప్రసంగ పాఠము)



మనము సమావేశమైన ఈ పుదుచ్చేరిలో, దోమలు వ్యాపింపజేయు వ్యాధులపై పరిశోధించుటకు 1975లో ఒక జాతీయ కేంద్రము ఏర్పడినది. ఆ పని మనకు సంబంధించనిదని తలచరాదు.

బోదకాలు సోకిన గ్యాంగ్‌మన్ పట్టాల వెంట నడువలేడు; పోస్ట్‌మన్ వీధులు తిరుగలేడు. ఈ వ్యాధి కలిగించు పిల్లపురుగులు రాత్రివేళనే రక్తములో అధికముగా సంచరించును. కావున పరీక్షకు రాత్రిపూట రక్తము తీయవలసి వచ్చినది. నిద్ర మాని వ్రేలు చాచిన సామాన్యుడు లేనిదే ఈ శాస్త్రము లేదు.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధక బృందము 1947లో డైఇథైల్ కార్బమజైన్ మందును వెలువరించినది. అది రక్తములోని పిల్లపురుగులను నశింపజేయును. ముదిరిన వాపును పోగొట్టజాలదు. కనుకనే నివారణ ముఖ్యము. 1981 నుండి 1985 వరకు పుదుచ్చేరి కేంద్రము మురుగునీటిలో పెరుగు దోమల నియంత్రణకు పట్టణమంతటా కృషి సల్పినది.

సామాన్యుని రక్తముతో సాగిన పరిశోధన ఫలము సామాన్యునకే చెందవలెను. మన కోర్కెలు మూడు: క్వార్టర్ల వద్ద మురుగునీరు నిలువరాదు. బోదకాలు మందు పంచు జిల్లాలలో, రాత్రి డ్యూటీ కారణముగా ఇంట లేని ఉద్యోగికి పనిస్థలముననే మందు అందవలెను. పరిశోధన ఫలితములను ప్రజల భాషలో తెలుపవలెను.

ప్రతి బ్రాంచీ వీనిని తన వినతిపత్రమున చేర్చవలెనని కోరుచు సెలవు తీసుకొనుచున్నాను.