జాబితాలో పేరుంటేనే గ్రామసభలో మాట
(వైరాలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా ఆటలు చూశాం, పాటలు విన్నాం. వాటి తర్వాత ఓటరు నమోదు ముచ్చట చప్పగా ఉంటుందని నాకు తెలుసు. అందుకే ముందు నా సంగతే చెప్తాను.

చదువు కోసం ఖమ్మంలో అద్దె గదిలో ఉన్న రోజుల్లో ఒక అసెంబ్లీ ఎన్నిక వచ్చింది. ముందురోజు రాత్రి బస్సెక్కి ఊరికి పోయాను. తెల్లారి అమ్మతో కలిసి లైన్లో నిలబడ్డాను. అమ్మ ఓటేసి బయటికొచ్చింది. నా వంతు వచ్చేసరికి జాబితాలో నా పేరు లేదన్నారు. కార్డు తీసి చూపించాను. కార్డున్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదన్నారు. తిరిగి వస్తుంటే దారిలో అమ్మ అడిగింది: "చదువుకున్నోడివి, నాకున్న ఓటు నీకెందుకు లేదురా?" నా దగ్గర జవాబు లేదు. ఎన్నికకు ముందు ఒక్కసారి పేరు చూసుకుని ఉంటే సరిపోయేది. నేను చూసుకోలేదు.

ఒక్క ఓటు పోతే ఏమవుతుందని మీరు అడగవచ్చు. మన వైరానే చూడండి. 2009 ఎన్నికల నుంచి ఇది ఎస్టీలకు రిజర్వు అయిన నియోజకవర్గం. 2018లో ఇక్కడ ఒక స్వతంత్ర అభ్యర్థి గెలిచారు. తేడా సుమారు రెండు వేల ఓట్లు. అంటే రెండు మూడు పోలింగ్ కేంద్రాల్లో ఉండే ఓట్లంత. ఇక పంచాయతీకి వస్తే, 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అక్కడ ఓటర్లు కొన్ని వందలే. హాస్టళ్లలో ఉన్న పది మంది పిల్లల పేర్లు లేకపోతే సర్పంచ్ ఎవరన్నదే మారిపోవచ్చు.

దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఏజెన్సీ గ్రామాల్లో 1996 నాటి పెసా చట్టం ఉంది. గ్రామసభ అంటే ఎవరో ఆ చట్టం స్పష్టంగా చెప్పింది: పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లు. సంక్షేమ పథకాలకు లబ్ధిదారులను గుర్తించేది గ్రామసభ. భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. అటవీ హక్కుల చట్టంలోనైతే ఊళ్లోని పెద్దవయసు వాళ్లందరూ గ్రామసభే. పెసాలో మాత్రం జాబితానే కొలత. పంచాయతీ జాబితా తయారయ్యేది అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే. కాబట్టి అందులో మీ పేరు లేకపోతే ఐదేళ్లకోసారి వచ్చే ఓటుతో పాటు, మీ ఊరి భూమి గురించి మాట్లాడే చోట మీ మాట కూడా పోతుంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఫోన్లు బయటికి తీయండి.

ఎన్నికల సంఘం వెబ్‌సైట్ చిరునామా: ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ లేని లింకు వాట్సాప్‌లో వస్తే నొక్కకండి. ఎన్నికల సంఘం యాప్‌లో కూడా ఇదే పని చేయవచ్చు. నమోదుకు రూపాయి ఖర్చు లేదు. డబ్బులడిగినా, ఓటీపీ చెప్పమన్నా అది మోసమే. సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోన్ చేయండి.

కొత్త ఓటుకు ఫారం 6. పేరులో, పుట్టిన తేదీలో తప్పులు దిద్దడానికి, ఇల్లు మారినప్పుడు, కార్డు పోయినప్పుడు ఫారం 8. ఒక పేరు మీద అభ్యంతరం చెప్పడానికి, తీసేయించడానికి ఫారం 7. ఈ మూడు గుర్తుంచుకుంటే చాలు.

వయసు సంగతి. 1989 దాకా మన దేశంలో ఓటు హక్కు వయసు 21. రాజ్యాంగం 61వ సవరణతో 18కి తగ్గింది. అయినా చాలా ఏళ్లు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది నమోదు. జనవరి 2న పుట్టినవాళ్లు ఏడాదంతా ఆగాల్సిందే. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలు పెట్టారు. 17 నిండిన వాళ్లు ముందే దరఖాస్తు ఇవ్వవచ్చు. ఇంటర్ రెండో ఏడాది పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఈ మాట మీకే.

ఫారం నింపేటప్పుడు మన దగ్గర వచ్చే చిక్కులు చెప్తాను.

మొదటిది పేరు. బానోత్ అని ఒకచోట, బానోతు అని ఇంకోచోట, భానోత్ అని మరోచోట ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే రాయండి. పేరు చిన్న విషయం కాదు. 1951–52 తొలి సాధారణ ఎన్నికలప్పుడు దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లు తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యను, ఫలానావాడి తల్లిని అని రాయించుకున్నందుకు వాళ్లను జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. మీ అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు కూడా సరిగ్గా ఉన్నాయో లేదో ఈ రాత్రే చూడండి.

రెండోది నియోజకవర్గం. జూలూరుపాడు పిల్లలు జాగ్రత్త. మీ జిల్లా భద్రాద్రి కొత్తగూడెం, మీ అసెంబ్లీ మాత్రం వైరా. జిల్లా పేరు చూసి కొత్తగూడెం ఎంచుకోకండి. ఇంట్లో అమ్మానాన్నల ఓటరు కార్డు పక్కన పెట్టుకోండి. కుటుంబ సభ్యుల కార్డు నంబరు ఎలాగూ అడుగుతారు.

మూడోది కాగితాలు. పుట్టిన తేదీకి పది మెమో గానీ ఆధార్ గానీ చాలు. చిరునామాకు బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బిల్లు, ఆధార్ లాంటివి పనికొస్తాయి. ఇవేవీ లేని గూడెం మనిషికి ఓటు రాదనుకోకండి. వేరే కాగితం పెట్టి దరఖాస్తు ఇవ్వవచ్చు, అధికారులు ఇంటికొచ్చి విచారించి చూస్తారు.

నాలుగోది హాస్టల్. హాస్టల్ ఉన్న చోట రాయించుకోవచ్చు, సొంతూళ్లో అయినా రాయించుకోవచ్చు. రెండు చోట్లా మాత్రం కుదరదు. తెలిసి అబద్ధం రాసి ఇస్తే ఏడాది దాకా జైలు పడే నేరం. ఊరి గ్రామసభలో కూర్చోవాలనుకునే వాళ్లు ఊళ్లోనే ఉంచుకోవడం మంచిదని నా సలహా.

దరఖాస్తు పంపగానే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. దాన్ని రాసి పెట్టుకోండి. దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో దాంతోనే తెలుస్తుంది. తర్వాత బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ, విచారణకు రావచ్చు. మీరు హాస్టల్లో ఉంటే ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. మా పిల్లలెవరూ ఇక్కడ లేరు అని అమాయకంగా అనేస్తే అక్కడే ఆగిపోతుంది. సిగ్నల్ అందని గూడెంలో ఉంటే అదే ఫారం కాగితం మీద నింపి బీఎల్ఓకి ఇవ్వవచ్చు. ఎన్నిక ప్రకటించాక చూద్దాంలే అనుకోకండి. నామినేషన్ల గడువు దగ్గర పడ్డాక ఇస్తే ఆ ఎన్నికకు అందకపోవచ్చు.

చివరగా ఒక్క కోరిక. ప్రతి ఏడాది జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం. ఆ రోజు మనం బ్యానర్ కట్టి ఫొటో దిగి ఊరుకోవద్దు. ఒక్కొక్కరు తమ వాడలో నాలుగు ఇళ్లకు పోయి, ఫోన్లో జాబితా తీసి, ఇంట్లో ప్రతి మనిషి పేరు చదివి వినిపించాలి. లేని పేరుకు ఫారం 6, తప్పున్న పేరుకు ఫారం 8. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి ఊళ్లోనే ఉండిపోయిందేమో చూడాలి. మిర్చి ఏరడానికి పోయిన వాళ్ల పేర్లు కూడా వాళ్లు లేనప్పుడే చూసి పెట్టాలి.

మా అమ్మ ఆ రోజు అడిగిన ప్రశ్నకు నేను ఆ తర్వాత దరఖాస్తు పెట్టి జవాబు చెప్పాను. మీ అమ్మకు ఆ ప్రశ్న అడిగే అవసరమే రాకుండా చూడండి. భోజనాలకు ఇంకా అరగంట ఉంది. వెనక బెంచీల దగ్గర మన పిల్లలు ఫోన్లతో కూర్చున్నారు. ఆధార్, పది మెమో ఫొటో ఉన్నవాళ్లు అటు వెళ్లండి. అన్నం ముందే ఆ పని అయిపోతుంది.