ఆలస్యం ఎవరిది?



అమెరికాలో వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు పేరు ఒకప్పుడు ‘రెడ్‌స్కిన్స్’. అంటే ఎర్రతోలోళ్లు. అక్కడి ఆదివాసులను తిట్టే మాట! దాన్నే 1967లో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేశారు.

1992లో సుజాన్ హార్జో, మరో ఆరుగురు ఆదివాసులు రద్దు చేయమని ట్రేడ్‌మార్క్ బోర్డుకెక్కారు. 1999లో బోర్డు రద్దు చేసింది. 2003లో జిల్లా కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఒక కారణం ఏంటో తెలుసా? ఆలస్యంగా వచ్చారట. ఈ మాట మనకేమన్నా కొత్తా?

2005లో అప్పీలు కోర్టు ఒక సంగతి పట్టుకుంది. ఏడుగురిలో అందరికన్నా చిన్నవాడికి 1967లో ఏడాది వయసు. పసిబిడ్డ కేసెట్లా వేస్తాడు? మేజరైన నాటి నుంచే లెక్కపెట్టాలంది. చివరికి అతనూ ఓడిపోయాడు, కానీ దారి దొరికింది. 2006లో నవాహో యువతి అమాండా బ్లాక్‌హార్స్, ఇంకొందరు కుర్రవాళ్లు మళ్లీ బోర్డుకెళ్లారు. వీళ్లను ఆలస్యం అనడం కష్టం కదా! 2014లో బోర్డు మళ్లీ రద్దు చేసింది, 2015లో జిల్లా కోర్టు సరేనంది.

2017లో సుప్రీంకోర్టు, వేరెవరిదో కేసులో, కించపరిచే మార్కులు కుదరవన్న సెక్షన్‌నే కొట్టేసింది. వాక్‌స్వేచ్ఛ అంట. దాంతో గెలిచిన కేసూ పోయింది.

ఆ పేరు మాత్రం 2020లో పోయింది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత జనం రోడ్డెక్కాక, స్పాన్సర్లు పేరు మార్చమన్నాక.