గడువు



మరణమును గూర్చి చెప్పుట సులభము. దాని మొగము చూచుట వేఱు. తెలుగు పండితుడనై 30 ఏండ్లకు పైగా బడిలో అజామిళుని కథ చెప్పితిని. అది భాగవత షష్ఠస్కంధములోనిది. తెనుగున ఆ స్కంధమును రచించినవాడు పోతన కాడు, ఏర్చూరి సింగన. అవసానమున భయపడి కొడుకును ‘నారాయణా’ యని పిలిచినంతనే విష్ణుదూతలు వచ్చి అజామిళుని యమభటులనుండి విడిపించిరి. అంతటి పాపికే అట్లు జరిగినపుడు, నిత్యము జపము చేయు నాకు అంత్యకాలమున హరినామము నాలుకపైకి రాకపోవునా యని నిశ్చింతగా నుంటిని.

ఆ నిశ్చింతను తుంగభద్ర తీసికొనిపోయెను.

2009వ సంవత్సరము అక్టోబరు మొదటి దినములవి. ఎగువ కన్నడసీమలోను, మన కర్నూలు జిల్లాలోను కుండపోతగా వానలు కురిసెను. 2వ తేదీ నాటికి మంత్రాలయము జలమయమయ్యెను. 1671లో రాఘవేంద్రస్వామివారు బృందావనప్రవేశము చేసిన మఠములోనికి నీరు చొచ్చెను. యాత్రికులు మేడలపై చిక్కుకొనిరి. దిగువను కర్నూలు పట్టణము మునిగెను. శ్రీశైలము జలాశయమునకు 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చెను. ఆ ఆనకట్ట అంత వరదకు కట్టినది కాదు.

మా యిల్లు నదికి చేరువ. ఇంటివారిని పొరుగువారి మిద్దెపైకి పంపి, తండ్రిగారి తాళపత్రముల పెట్టెకై నేను మరల లోపలికి పోతిని. వాకిలి దాటునంతలో నీరు ఱొమ్ములోతు వచ్చెను. కాలు జాఱెను. పెట్టె పోయెను, పందిటి గుంజ యొకటి చేతికి చిక్కెను. ఎంతసేపట్లుంటినో యెఱుగను. తుదకు పొరుగు కుఱ్ఱవాండ్రు పంచెలు ముడివేసి విడిచి నన్ను మిద్దెపైకి లాగిరి.

ఇపుడు దాపరికము లేక చెప్పవలసిన మాట. ఆ నీటిలో నాకు హరినామము రాలేదు. గురురాజుల పేరును రాలేదు. ఆదోనిలోనున్న నా తమ్ముని మొగము వచ్చెను. 3 ఎకరముల నల్లరేగడి చేనికై వానితో 11 ఏండ్లుగా వ్యాజ్యమాడుచుంటిని. వాని కూతురి పెండ్లికి పోలేదు. తల్లి తద్దినమును వేఱువేఱుగా పెట్టితిమి. మునుగునపుడు నాకు తోచినది ఒకటే: ‘వీనితో మాటాడకయే పోవుచున్నానే!’

కొన్నాళ్లు సిగ్గుపడితిని. జపమంతయు వ్యర్థమాయెనా యని కుందితిని. పిదప అజామిళుని కథ మరల చదివితిని. యమభటులు మరలిపోవు వఱకు చెప్పి, పిల్లలకు పాఠము ముగించెడివాడను. కాని అజామిళుడు ఆనాడు చావలేదు! బ్రదికి, చేసినదానికి వగచి, గంగాద్వారమునకు పోయి, మిగిలిన యాయువును సన్మార్గమున గడపెను. నామము వానికి ముందుగా ఇచ్చినది గడువు. ఆ గడువే నాకును దొరికినదని యపుడు తెలిసెను.

ఇంటి బురద యెత్తిపోసిన పిదప ఆదోనికి పోతిని. తమ్ముడు వాకిటనే యుండెను. నేను చేని మాట యెత్తబోగా, “అన్నా, ముందు కాళ్లు కడుక్కో. అన్నం తిన్నాక మాట్లాడుకుందాం” అనెను. ఆ మాటలకు నాకు కన్నీరాగలేదు. ఆ నెలలోనే వ్యాజ్యము విడిచి, చేను చెరిసగము చేసికొంటిమి.

‘స్వామి నిన్ను కాపాడెను’ అని పలువురనిరి. అట్లు చెప్పుకొనుటకు నాకు నోరాడదు. ఆ వరదలో ప్రాణములు విడిచినవారిలో నాకంటె భక్తులు లేకుందురా? బ్రదుకుట నా యోగ్యతకు గుర్తు కాదు. అది నాపైనున్న అప్పు. జపము నేడును మానలేదు. కాని ఆసనముపై కూర్చుండుటకు ముందు, ఎవరితోనైన తీరని మాట మిగిలియున్నదా యని వెదకికొందును.

పెద్దలారా! మన యూళ్లలో గట్టు తగవు లేని యిండ్లు తక్కువ. తీర్చక విడిచినది తుది గడియలో దేవుని పేరునకు అడ్డుగా నిలుచును. దానిని నేడే తీర్చుకొనుడు. నది మన గుమ్మమునకు వచ్చువఱకు ఆగకుడు.

సెలవు.