ఉద్యోగాన్వేషణ: ప్రణాళిక, ఆచరణ

అధ్యక్షులవారు నా గురించి చెప్పినవాటిలో సగం వయసు వల్ల వచ్చినవి, మిగతా సగం వారి మర్యాద. శాలువా కప్పారు, సంతోషం. ఐదు అంశాలు చెబుతానని కార్యదర్శిగారికి ఫోనులో ఒప్పుకున్నాను, ఆహ్వానపత్రికలో అచ్చు కూడా వేశారు.

కానీ ఎదురుగా గోడ మీద అయ్యంకి వెంకటరమణయ్యగారి పటం ఉంది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించిన మనిషి. ఆయన చూస్తుండగా పఠనమందిరం ఊసెత్తకుండా రెజ్యూమే గురించి మొదలుపెట్టడం నావల్ల కాదు. మా తరానికి నౌకరీ, లింక్డిన్ అన్నీ శాఖా గ్రంథాలయంలోనే ఉండేవి. తలుపులు తీసేసరికి బెంచీ నిండిపోయేది. ఇంగ్లీషు పేపరు మొత్తం ఒకడికి దక్కదు, తలా ఒక షీటు. వాంటెడ్ కాలం ఎవడి చేతిలో పడితే ఆ పూట వాడే జమీందారు.

ఒకరోజు ఆ కాలంలో అగ్గిపెట్టంత కన్నం కనిపించింది. పోటీ తగ్గుతుందని ఎవడో ప్రకటనను బ్లేడుతో కోసుకుపోయాడు. మా లైబ్రేరియన్ గారు ఎవర్నీ నిలదీయలేదు. మర్నాటి నుంచి పేపరు బెంచీ మీదికి రాకముందే ప్రకటనలన్నీ ఒక లెక్కల పుస్తకంలోకి ఎక్కించేవారు. అర్హతలు నీలి సిరాతో, ఆఖరు తేదీ ఎర్ర సిరాతో. ఆయన జీతంలో ఆ పని లేదు. ఇవాళ ఎవరు చేస్తారండీ?

ఆ పుస్తకం చుట్టూ చేరినవాళ్లలో ఒక పెద్దాయన ఉండేవారు. రైల్వేలో రిటైరై, పొద్దుపోక వచ్చేవారు. నా పేరు కూడా ఆయనకి తెలియదు. ఓ రోజు, "ఏమోయ్, టైపు హయ్యర్ పాసయ్యావా? మావాడి చక్కెర ఫ్యాక్టరీలో, టైమాఫీసులో ఖాళీ ఉందిట. సీజను మొదలవుతోంది, ప్రకటన వెయ్యరు. రేపే వెళ్లు" అన్నారు. అక్కడ చేరినవాణ్ణి, ఆ శాఖలోనే ఎదిగి పర్సనెల్ ఆఫీసరుగా దిగాను. మా బంధువులు మాత్రం పెళ్లిళ్లలో కనిపించినప్పుడల్లా "చూద్దాంలే అబ్బాయ్" అనేవారు. ఆ పెద్దాయన నాకు వేలు విడిచిన మేనమామ కూడా కాదు.

ఇది నా ఒక్కడి అదృష్టం కాదు. గ్రానోవెటర్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త బోస్టన్ పక్కన న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను కదిలించి, 1973లో ఒక వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు నూటికి 17 మందే. మిగతా అందరికీ ఎప్పుడో అప్పుడప్పుడు, లేదా ఏడాదికోసారి కనిపించే ముఖపరిచయస్తుడే దారి చూపించాడు. కారణం సులువే. మన ఇంట్లోవాళ్లకు తెలిసింది మనకూ తెలుసు. దూరపు మనిషి వేరే లోకం కబురు తెస్తాడు.

ముందు వరుసలో రికార్డు చేస్తున్న బాబూ, కాసేపు ఆ ఫోను కింద పెట్టి, పక్కనున్నాయన ఏం చేస్తుంటారో అడుగు. అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తారు గానీ, అక్కడ పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో తెలుసుకోరు.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు సంగతి కూడా చెప్పాలి. ఖాళీలు తెలియజేయాలని యజమానుల మీద 1959 చట్టం బాధ్యత పెట్టింది గానీ, అక్కడి నుంచే తీసుకోవాలని అనలేదు. అది తెలియక రెన్యూవల్ చేయించుకుంటూ కూర్చుని జుట్టు నెరిసినవాళ్లున్నారు. ఎక్స్ఛేంజి పంపిన జాబితాతో సరిపెట్టకుండా పేపర్లలోనూ ప్రకటించి, వచ్చినవాళ్లందరినీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. అదీ మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులోనే! ఇక్కడి లాయరుగారు తల ఊపుతున్నారు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. సరే, ఐదింటిలో మిగిలినవి గబగబా. ప్రకటన రెండుసార్లు చదవండి. ఒకే దరఖాస్తును వందచోట్లకి పంపకండి. కవర్లు చించినవాణ్ణి కనక చెబుతున్నాను, లోపల ఇంకో కంపెనీ పేరున్న కాగితాలు ఎన్ని చూశానో! ఎక్కడికి పంపారో, ఏ తేదీన పంపారో, ఎవరితో మాట్లాడారో ఒక పుస్తకంలో రాసుకోండి.

ఆఖరుది మాత్రం చీటీ వచ్చినా వదలను. ఇక్కడ ఉద్యోగం ఇస్తామంటూ ఎవరైనా డిపాజిట్ అడిగితే లేచి వచ్చేయండి. గల్ఫ్ వెళ్లే పిల్లలుంటే, ఏజెంటుకు 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో చూడండి. అతని రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకుమించి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఇచ్చినదానికి రసీదు తీసుకోండి.